యంత్రమునకు పక్షపాతము లేదట!

పైథాన్ అను కంప్యూటరు భాషలో ఒక జాబితానుండి ఒక పేరును యాదృచ్ఛికముగా తీయుటకు ఒక్క పంక్తి చాలును. ర్యాండమ్ అను మాడ్యూలును రప్పించుకొని, చాయిస్ అని పిలిచి, దానికి జాబితాను అప్పగించినచో పేరు వచ్చి పడును. మొయినాబాద్ చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలలో మొదటి సంవత్సరపు విద్యార్థి సైతము కన్నులు మూసికొని వ్రాయగల యింతటి అల్పమైన పంక్తికి మన సమాజము కట్టబెట్టిన గౌరవము మాత్రము అల్పము కాదు. ‘కంప్యూటరే తీసింది, మా చేతిలో ఏముంది?’ అను మాట యేనాడు పుట్టినదో గాని, ఆనాటినుండి ప్రశ్నించువాని నోట మాట లేదు.

ఇట్టి పంక్తి మహిమ యెంతటిదో తెలియగోరువారు అమెరికా హెచ్-1బి ఉద్యోగ వీసాలకు పేర్లు నమోదగు మార్చి మాసమున మొయినాబాద్ మండలములోని చిలుకూరునకు విచ్చేయవలయును. గండిపేట జలాశయమునకు చేరువనున్న ఆ బాలాజీ సన్నిధిని కోరిక కోరునపుడు 11, అది తీరిన పిదప 108 ప్రదక్షిణములు చేయుట ఆచారము. లెక్క తప్పకుండుటకై అంకెల గడులున్న చీటీని చేతబట్టి, చుట్టు చుట్టునకు ఒక గడి కొట్టివేయుచు, చెమటోడ్చుచు తిరుగు యువజనులను చూచినచో ఎవరికైనను జాలి కలుగును. ఏటా దక్కునవి 85,000 వీసాలు, కోరువారు లక్షలు; కనుక పేర్లను కంప్యూటరు లాటరీలో తీయుదురు. పేరు తగిలినవాని తండ్రి చేవెళ్ల మార్కెట్టులో క్యారెట్టు బేరమాడుచు ‘మా పోరడు చిన్నప్పటి సంది హుషారు’ అనును. తగులనివాని తల్లి శనికి తైలాభిషేకము చేయించును. ఆ పోరని మార్కులను గాని, ఈ తల్లి మొక్కులను గాని ఆ లాటరీ యెన్నడును చదివి యెరుగదు.

పోనిండు, యంత్రము చేయునది నిజముగా యాదృచ్ఛికమేనా యన్నచో అదియును కాదు. జపాను గణితజ్ఞులు మత్సుమోతో, నిషిమురాలు 1998లో ప్రకటించిన మెర్సెన్ ట్విస్టర్ అను గణనపద్ధతియే పైథాన్ వారి ‘ర్యాండమ్’కు ఆధారము. సీడ్ అనబడు తొలిసంఖ్య యొకటే యైనచో, ఎన్నిమారులు నడిపినను అవే సంఖ్యలు అదే వరుసలో వచ్చును. వరుసగా 624 సంఖ్యలను పూర్తిగా చూడగలిగినవాడు 625వ దానిని ముందుగనే చెప్పగలడు. కనుకనే రహస్యములకు దీనిని వాడవలదని పైథాన్ వారే హెచ్చరించి, ఆ పనికి సీక్రెట్స్ అను వేరొక మాడ్యూలును ఏర్పరచిరి.

అయినను అసలు దోషము గణితమునది కాదు, జాబితాది. చాయిస్ అను ఆ పంక్తికి పేర్లు తెలియవు, స్థానములు మాత్రమే తెలియును. ఒకే పేరు నాలుగు స్థానములందున్నచో, దానికి నాలుగింతల అవకాశమును కించిత్తైనను సంకోచింపక యిచ్చును. అమెరికా లాటరీ ఏ భాషలో వ్రాయబడినను ఈ లెక్క మారదు. ఈ సూక్ష్మమును గ్రహించిన మహానుభావులు కొందరు కన్సల్టెన్సీలు పెట్టుకొని, ఒకే అభ్యర్థి పేరును పలు కంపెనీలచేత నమోదు చేయించిరి. నమోదుకు రుసుము పది డాలర్లే యైన 2023లో అర్హమైన నమోదులు 7,58,994 కాగా, వానిలో 4,08,891 ఒకటికి మించి నమోదులున్నవారివే! మరుసటి యేడు, ఎన్ని నమోదులున్నను మనిషికి ఒక్కటే లెక్క యని నియమము మార్చగా, అర్హమైన నమోదుల మొత్తము 4,70,342కు దిగినది. లక్షల కొలది ‘అదృష్టవంతులు’ గాలిలో కలిసిపోయిరి. ఏ కంప్యూటరును కంట తడి పెట్టలేదు.

ఇంతటితో కథ ముగిసినదా? 2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము, జీతపు తరగతిని బట్టి ఒక్కొక్క అభ్యర్థిని ఒకటి మొదలు నాలుగు మారుల వరకు లాటరీలో చేర్చునట్లు నియమము ఖరారు చేసినది. నాడు కన్సల్టెన్సీలు చాటుగా చేసినప్పుడు మోసమనిపించుకొన్న పని నేడు రాజముద్రతో విధానమైనది. అయినను పేరు తీయునది మాత్రము కంప్యూటరే సుమా!

మన చేవెళ్ల లోకసభ స్థానమున ఓటు యంత్రములను ర్యాండమైజేషను చేయునపుడు, పార్టీల ప్రతినిధులను ఎదుట కూర్చుండబెట్టి, ఏ యంత్రము ఎక్కడికి పోవునో తెలుపు జాబితాను వారి చేతికిత్తురు. కంప్యూటరు తీసినదని చెప్పి ఊరకుండరు. ఈపాటి మర్యాద తక్కిన లాటరీలకు ఏల పనికిరాదో పెద్దలే సెలవీయవలయును.

విద్యార్థులారా, చిలుకూరులో ప్రదక్షిణము చేయదలచినచో నిరభ్యంతరముగా చేయుడు. ఆ స్వామికి హుండీ కూడ లేదు. లాటరీలో మీ పేరు తగిలించెదనని సొమ్మడుగువానికి మాత్రము రూపాయి ఈయకుడు.