కావడిబద్ద కథ

నేను వెదురుబద్దను. ఇండోనేషియాలో, జావా దీవి తూర్పు కొసన, కవా ఇజెన్ అగ్నిపర్వతం మీద రెండు బుట్టల నడుమ కావడినై బతుకుతున్నాను. మీ శ్రవణకుమారుడు కావడిలో అమ్మానాన్నల్ని మోశాడట. నా యజమాని గంధకం మోస్తాడు. విడతకు 70 నుంచి 90 కిలోలు. ఆయనే అంత తూగడు.

చీకటుండగానే బయల్దేరతాం. బిలం అంచు నుంచి లోపలికి దాదాపు 300 మీటర్ల దిగుడు. అడుగున పాలపిట్ట రంగు సరస్సు. చూడముచ్చటే గానీ, అందులో ఉన్నది ఘాటైన ఆమ్లం. ఒడ్డున కొండ పగుళ్లలోంచి గంధకపు ఆవిరి బుసకొడుతుంది. గాలి తగిలి అంటుకుంటే రాత్రిపూట నీలిమంట. దాన్ని చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తారు. వాళ్ల మొహాలకు మాస్కులు, మావాడి నోట్లో తడిగుడ్డ.

ఇక్కడ 1968 నుంచి గంధకం తీస్తున్నారు. పద్ధతి సారాబట్టీని తలపిస్తుంది. ఆవిరిని పొడవాటి గొట్టాల్లోకి మళ్లిస్తారు. అది దారిలో చల్లబడి, చివర్న ఎర్రటి ద్రవమై కారుతుంది. గడ్డకట్టేసరికి పసుపుకొమ్ము రంగు. పలుగుతో పొడిచి పెళ్లలు తీస్తారు. గాలి మళ్లి పొగ కమ్మిందా, ఆయన దగ్గు నాకు భుజంలోంచే తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు నేను కిర్రుకిర్రుమంటాను. ఆ ఊపుకే ఆయన అడుగు. అంచు దాటాక కింద పాల్తుడింగ్ అనే చోటి దాకా 3 కిలోమీటర్లు. తూకం వేసి, కిలోల లెక్కన కూలి ఇస్తారు. ఈమధ్య బయటి వాలుకు చక్రాల బండ్లొచ్చాయి. వాటి మీద టూరిస్టుల్ని కూడా ఎక్కిస్తున్నారు. గంధకం కన్నా మనుషుల్ని మోస్తేనే నాలుగు డబ్బులట! బిలం లోపల మాత్రం ఇంకా నేనే.

మేం తెచ్చిన పెళ్లల్లో మట్టీ రాయీ ఉంటాయి. చితక్కొట్టి, కట్టెలపొయ్యి మీద పెద్ద పాత్రల్లో కరిగిస్తారు. గంధకం సుమారు 115 డిగ్రీలకే కరుగుతుంది. రాయికి ఆ వేడి ఏపాటి? అది అడుగున ఉండిపోతుంది. పైది వడకట్టి పోస్తే పలకలు. మంట దగ్గర ఏమరకూడదు. 160 డిగ్రీలు దాటిందంటే ముదిరిన పాకంలా జిగటబారి ఎర్రబడుతుంది, వడకట్టడానికి లొంగదు. ఆ పలకలు చక్కెర మిల్లులకూ వెళ్తాయి, పంచదారను తెల్లబరచడానికి.

ఆయన కుడిభుజం మీద కండ గడ్డకట్టి ఉబ్బింది, నేను ఆనడానికి కొలత తీసి చేసినట్టు. నిన్న దారి మధ్యలో నన్ను ఎడమభుజానికి మార్చుకున్నాడు. అక్కడింకా మెత్తగానే ఉంది.