ఉన్నతాభిలాషి

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని హెచ్చరించిన మన పూర్వులు, పాత స్కూలుబస్సును కొని దాని టాపు నెత్తించి చూడుమని మూడవ మాటను చేర్చకపోవుటకు కారణము వారి కాలమున స్కూలుబస్సులు లేకపోవుటయే కాని, అట్టి బుద్ధి పుట్టగల మహాపురుషులు లేకపోవుట కాదు. కోటబురుజుపై మరియొక వరుస రాళ్లు పేర్పింపక నిద్రపోని పాలెగాడును, ఊరిగుడి గోపురమునకు ఇంకొక అంతస్తు వేయింతునని నాలుగూళ్లలో చందాలు దండిన ధర్మకర్తయు ఆ కోవలోనివారే. మన కాలమున, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడూళ్ల నడుమ, ఆ వంశాంకురము బస్సుల షెడ్లయందు దర్శనమిచ్చుచున్నది. వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊరికొకటిగా నుండును గనుక, మనము సౌకర్యార్థము ఉన్నతాభిలాషి యని పిలుచుకొందము.

ఆ పేరు వినగానే పాఠకుడు ఆజానుబాహువైన యొక దీర్ఘకాయుని ఊహించునేమో! ఆయన నిలువు ఐదడుగుల మూడంగుళములు. ఏ గుమ్మమును ఇంతవరకు ఆయన శిరస్సును తాకిన పాపమున పోలేదు. నిజముగా పొడవైనవారు బాల్యమునుండియు వంగి నడచుట కలవాటుపడి కప్పులను గూర్చి తలపోయుట మానివేయగా, పుట్టిన తరువాత ఒక్కసారియైన వంగనక్కరలేనివానికే లోకములోని కప్పులన్నియు కురచగా కనబడుట సృష్టివైచిత్ర్యము. ఎవరి యింటికి పోయినను ఆయన కాఫీ నందుకొనుటకు ముందు పైకి చూచును, చూచి, "ఇంగొక అడుగు లేపింటే గాలి బాగా ఆడుండు కదప్పా!" అని గృహస్థు మనశ్శాంతిని హరించును. తన యింటి మిద్దె మాత్రము నడిమి గదిలో కారుచునే యుండును. "ఇంటి టాపు కారుతాంటే కనపడదు గానీ, బస్సు టాపు లేపుతాడంట మొగోడు!" అని ఆయన భార్య ఇరుగుపొరుగులతో ననుమాట వీథి చివరివరకు వినబడును, ఆయనకు వినబడదు.

ఇట్టివారికి బస్సు లభించు విధము సులభము. పదునైదేండ్లు నిండిన బస్సులో బడిపిల్లల నెక్కింపరాదను నియమముండుటచేత, ప్రైవేటు బడుల వెనుక వేపచెట్ల క్రింద పసుపుపచ్చని బస్సులు టైర్లలో గాలి లేక, అద్దములపై ధూళితో, ఎవరో యొక ఉన్నతాభిలాషి కొరకు తపస్సు చేయుచుండును. ఆ పసుపు వన్నెకును ఒక చరిత్ర కలదు. 1939లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అను ఆచార్యుడు సమావేశము జరిపి, వేకువ మసకవెలుతురులో దానిపై నల్లని అక్షరములు స్పష్టముగా కనబడునను కారణమున స్కూలుబస్సులకు ఆ రంగును నిర్ణయింపజేసెను. అది పిల్లల సొత్తు. కొన్నవాడు దానిని మార్చవలెను. మన నాయకుడు రంగు మార్చుటను సర్వదా వాయిదా వేయును. ఎత్తు మారని బస్సునకు రంగు మార్చుట, స్నానము చేయనివాడు చొక్కా మార్చుట యని ఆయన సిద్ధాంతము.

బస్సు దేనికని యడిగినవానికి దొరకు ప్రత్యుత్తరము కాలమును బట్టి మారుచుండును. శివరాత్రికి ముందడిగినచో అది కాశీయాత్రకు: లోపల ఆరు మంచములు, వంటగట్టు, నీళ్లడ్రమ్ము, అత్తగారికి ప్రత్యేకముగా కిటికీప్రక్క స్థానము. శ్రావణమాసమున నడిగినచో అది ధర్మవరపు పట్టుచీరల సంచారశాల: బెంగుళూరులోని అపార్ట్‌మెంటుల ముంగిట నిలిపి, చీరలను నిలువున వ్రేలాడదీసి అమ్మవలెనన్న టాపు లేపక తప్పదు కదా యనును. ఎన్నికల వాసన తగిలినప్పుడు అది ప్రచారరథము. పరీక్షల కాలమున అది సంచార గ్రంథాలయము. ప్రయోజనము చంచలము, ఎత్తవలసిన అడుగున్నర మాత్రము అచంచలము. పాత స్కూలుబస్సులనే యిండ్లుగా మార్చుకొని దేశము తిరుగు అమెరికావాసులలో టాపు నెత్తించువారు పెక్కుమంది కలరట. వారి బస్సులలో నడవ యెత్తు ఇంచుమించు ఆరడుగులే యగుటచేత, ఆరడుగులకు మించిన దేహములు గలవారు మెడ నిలుపుకొనుటకు చేయు పని యది. వారికి మెడ కారణము. మనవానికి మనస్సు కారణము.

ఇక షెడ్డు. టాపు నెత్తుట బయటివా రనుకొనునట్లు కోసి పైకి జరుపుట కాదు, అదియొక యజ్ఞము. మొదట సీట్లు విప్పవలెను; పిదప లోపలి ప్లైవుడ్డును, కిటికీల అద్దములను, వాని రబ్బర్లను తీయవలెను; బాడీ మెలి తిరుగకుండ లోపల అడ్డముగను ఐమూలగను ఇనుపకమ్ములు తాత్కాలికముగా వెల్డింగు చేయవలెను; నాలుగు మూలల జాకీలు నిలిపి, కిటికీల నడుమనున్న నిలువుకమ్ములను గ్రైండరుతో నడిమికి కోయవలెను; జాకీల నన్నిటిని సమముగా, ఒక్కొక్క చుట్టుగా త్రిప్పి టాపును లేపవలెను; తెగిన కమ్ముల నడుమ స్క్వేరు పైపులు దూర్చి అతికి, పైన రేకు వేసి రివెట్లు కొట్టవలెను. ఇదంతయు మేస్త్రీ యెరుగును. కాని యజ్ఞమునకు ఋత్విక్కులను నియమించు హక్కు యజమానునిదే. కనుక నాలుగు జాకీలలో నొకటి మేస్త్రీ కుర్రవానికి, ఒకటి తన బావమరదికి, ఒకటి ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన యొక పెద్దమనిషికి, ఒకటి ఆ దారిన బెల్లముమండీకి పోవుచు ఊరక చూచుటకై నిలిచిన వర్తకునికి ఒప్పగింపబడెను.

"చుట్టుకొక చుట్టు, అందరూ ఒకేతూరి" అని మేస్త్రీ చెప్పెను. బావమరది, బావగారిపై గల ప్రేమాతిశయమున, రెండేసి చుట్లు త్రిప్పెను. రిటైరైన డ్రైవరు నియమబద్ధుడు. త్రిప్పిన ప్రతి చుట్టునకును దిగివచ్చి కంటితో కొలిచి, మరల త్రిప్పెను. వర్తకుడు సగములో ఫోను వచ్చి చింతపండు ధర మాటలాడుచు నిలిచిపోయెను. గడియలోపల టాపు, పెండ్లికొడుకు తలపాగావలె, ఎడమచెవిమీదికి ఓరగా దిగి నిలిచినది. "ఏమన్నా ఇది!" అని మేస్త్రీ తల పట్టుకొనగా, మన నాయకుడు దూరముగా నిలిచి కన్నులు చికిలించి చూచి, "ఒగపక్క లేసింది కదప్పా, ఇంగోపక్కా లేస్తాది!" అని పరమానందభరితుడయ్యెను. ఆశావాదమునకు ఇంతకు మించిన నిర్వచనమును నేను ఏ తత్త్వశాస్త్రమునందును చూడలేదు.

ఆ రాత్రియే వాన కురిసెను. దేశమునందు అత్యల్ప వర్షపాతముగల సీమలలో మా సీమ యొకటి. మేఘుడు ఏండ్ల తరబడి మొగము చాటువేసినను, టాపునకును బాడీకిని నడుమ అడుగున్నర సందు తెరచియున్న రాత్రిని మాత్రము మరువడు.

ఎత్తిన టాపు నిలుచునా యని సందేహించువారిని ఆయన లేపాక్షికి తీసికొనిపోవును. హిందూపురమునుండి అది పదునైదు కిలోమీటర్లు. వీరభద్రస్వామి ఆలయమున డెబ్బదికి చేరువనున్న స్తంభములలో ఒకటి నేలను పూర్తిగా ఆనక నిలిచియున్నది. యాత్రికులు దాని క్రింద వస్త్రమును ఈవలనుండి ఆవలికి లాగి ఆశ్చర్యపడుదురు. ఆయన తన భుజముమీది తువ్వాలును లాగి, "రాతికంబమే నేల తగలకుండా నిల్చుకోనుండాది, ఇనుప టాపు నిల్చుకోదా?" అని ప్రశ్నించును. ఆ స్తంభము పైకప్పును తానొక్కటియే మోయుటలేదనియు, ఇరుగుపొరుగు స్తంభములు ఆ భారము వహించుచున్నవనియు చెప్పుట నిష్ప్రయోజనము. అదే ఆలయప్రాంగణమున కప్పు పడక అసంపూర్ణముగా నిలిచిపోయిన కల్యాణమండపము కలదు. దానివైపు ఆయన తీసికొనిపోడు.

ఆయనకు నోటిమాట రాకుండ చేసినవాడు ధర్మవరమున నొక నేతగాడు. చీరల సంచారశాల సంకల్పము ప్రబలముగా నున్న దినములలో ఆయన మగ్గమింటికి పోయి, అలవాటు చొప్పున పైకి చూచి, కప్పు చాలదని నిట్టూర్చెను. నిజమే, మగ్గముపై జకార్డు పెట్టె నెక్కించుటకు ఎత్తు కావలెను, దాని అట్టల దండ వ్రేలాడుటకు మరికొంత కావలెను. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడు, నాడె వదలకయే, "పైన సాలకపోతే కిందికి తవ్వుకుంటాము సామీ. టాపు మాత్రం మాదా, బాడుగిల్లు!" అనెను. బస్సునకు క్రింద త్రవ్వుటకు నేల లేదని ఆయన సమాధానము చెప్పుకొనుటకు మూడు దినములు పట్టెనట.

ఈ మూడూళ్లలో ఆయన వ్యాధి ఇంతగా ముదురుటకు చరిత్రయు కొంత బాధ్యత వహింపవలెను. 1982 మార్చి 29న తెలుగుదేశమును స్థాపించిన నందమూరి తారక రామారావు ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, దాని టాపుమీద నిలిచి మాటలాడునట్లు మార్పించి, చైతన్యరథమని పేరు పెట్టి, కుమారుడు హరికృష్ణ నడుపగా రాష్ట్రమంతయు తిరిగి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి యయ్యెను. 1985లో ఆయన హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైనది మొదలు, ఈ ఊరివారికి బండి టాపు వేరు, పదవి వేరు అను భేదజ్ఞానము నశించినది. లక్షలమంది ఆ రథముమీది మనిషిని చూచిరి. మన ఉన్నతాభిలాషి యొక్కడే రథమును చూచెను. ఆ విజయమునకు కారణములని రాజకీయ పండితులు ఏమేమో చెప్పుదురు. ఆయన మతమున కారణము ఒక్కటియే: బండి ఎత్తుగా నుండెను.

ఎట్టకేలకు షెడ్డులో పని ముగిసినది. ముందటి అద్దము పాత కొలతయే గనుక, దానిపై అడుగున్నర రేకు నుదురు మిగిలెను. పెయింటరు అందు వేంకటేశ్వరుని, పెనుకొండ బాబయ్యస్వామిని, భార్యాపుత్రులను, మేస్త్రీ ఫోను నంబరును వ్రాసినను ఇంకను చోటుండెను. రిటైరైన డ్రైవరు చక్రము పట్టగా, రథము సోమందేపల్లి మీదుగా పెనుకొండకు బయలుదేరినది. భారము పైకి పోయిన బండి మలుపులయందు ప్రయాణికులకు దైవచింతన కలిగించును. "గాలి తోసేస్తాంది సామీ" అని డ్రైవరు రెండుసారులు విన్నవించెను. దారిప్రక్కనున్న యొక ముసలి చింతచెట్టు కొమ్మ నుదుటిరేకును పట్టుకొనగా, ఆయన దిగి చూచి, చింతచెట్టు ఎత్తు చాలదని తీర్మానించెను. ఎర్రమంచిలో కియావారు ఏటికి మూడు లక్షల కార్లు చేయగల సామర్థ్యముతో 2019లో ప్రారంభించిన కర్మాగారమును తలచి డ్రైవరు ఆశ్చర్యపడగా, "కొత్తవి ఎవురైనా చేస్తారప్పా. పాతదాన్ని పెంచమను చూద్దాం!" అని ఆయన తేల్చివేసెను. శ్రీకృష్ణదేవరాయల అనంతరము, 1565 నాటి యుద్ధముతో హంపి పాడుపడిన పిమ్మట, విజయనగర రాజులు తరలివచ్చి రాజధానిగా చేసికొన్న పెనుకొండలో, గగనమహలు ముందు బస్సు నిలిపి ఫొటో తీయించుకొనుట ఆయన విజయయాత్రలో పరాకాష్ఠ. గగనమహలను పేరు ఆయనకు ఎంతయు నచ్చినది.

పరాకాష్ఠ తరువాత బ్రేకిన్‌స్పెక్టరు. ఎఫ్.సి. కొరకు పోయిన దినమున ఆ అధికారి బస్సు చుట్టును ఒకసారి ప్రదక్షిణము చేసి, ఆర్.సి.ని చూచి, బస్సును చూచి, మరల ఆర్.సి.ని చూచెను. మన నాయకుడు సిద్ధముగా నుండెను. 1989 నాటి నియమావళి డబుల్ డెక్కరు కాని బస్సునకు 3.8 మీటర్ల యెత్తువరకు ఒప్పుకొనెనని, తనది దానికి నాలుగంగుళములు తక్కువయేనని, టేపుతో సహా నిరూపించెను. అధికారి ఓపికతో విని, ఎత్తు సంగతి తరువాతిదనియు, 1988 నాటి చట్టపు 52వ సెక్షను ప్రకారము తయారుచేసినవాడు చెప్పిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనియు, 2019లో కేరళ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పెననియు బోధించి, "జాకీ పెట్టకముందు రావాల కదయ్యా, లేసినాక వస్తే నేనేం చేసేది?" అనెను. టాపు దింపుకొని రమ్మనెను. దింపుట! కన్నకొడుకు పొడవు తగ్గింపుమనగా విన్న తండ్రికివలె ఆయనకు ఆ మాట చెవికెక్కలేదు.

ఇక్కడ సామాన్యుడు నిరుత్సాహపడును. ఉన్నతాభిలాషి బస్సును తన పొలమునకు చేర్చి, టైర్లమ్మి, ఇంజను దింపించి, ఛాసీ క్రింద గ్రానైటు బండలు పేర్పించెను. మామిడితోటకు కాపలా గదియనియు, మనుమలకు ఆటయిల్లనియు, వేసవిలో చీట్లపేకకు చలువపందిరియనియు సమయానుకూలముగా దాని ప్రయోజనములు మారుచున్నవి. ఒక సాయంకాలము ఆయన దాని నీడను మంచముపై వెల్లకిల పండుకొనియుండగా మెరుపు మెరిసినట్లు ఒక ధర్మసూక్ష్మము తోచెను: చక్రములు లేనిది వాహనము కాదు, వాహనము కానిదానికి సెక్షను లేదు, 3.8 లేదు, బ్రేకిన్‌స్పెక్టరు లేడు. ఆయన లేచి కూర్చుండి టాపువైపు చూచెను. చూచి మేస్త్రీకి ఫోను చేసెను. మేస్త్రీ అంతయు విని, కొంతసేపు మాటలాడక, "సరే వస్తా గానీ సామీ, ఈతూరి జాకీలు బాడుగకు తేను. నువ్వే కొనిపెట్టుకో, మళ్ళా మళ్ళా పనికొస్తాయి" అనెను.