ఒక సూపు, ఆరు చెంచాలు

థీమ్ పార్కులో మనిషికి వేసే ఆకలి రెండు రకాలు. ఒకటి కడుపు ఆకలి, రెండోది కుర్చీ ఆకలి. మొదటిది పాప్‌కార్న్ బండి దగ్గర తీరిపోతుంది. రెండోది తీరాలంటే టేబుల్ చూపించి, మంచినీళ్ళు పెట్టి, మెనూ చేతికిచ్చే రెస్టారెంటు కావాలి. అక్కడ కూర్చోవాలంటే ఏదో ఒకటి తినాలి. ఆ "ఏదో ఒకటి" ఎంతవరకు చిన్నదైతే మర్యాద, ఇంకెంత చిన్నదైతే సిగ్గుచేటు అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని వివాదం.

వివాదస్థలం ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో అక్కడికి తీసుకెళ్ళకపోతే వీసా రద్దవుతుందేమో అన్నంత నిష్ఠ మా అట్లాంటా తెలుగువాళ్ళకి. మేమూ బయల్దేరాం: మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. 1971లో తెరిచిన ఈ ప్రాంగణం మొత్తం దాదాపు 25 వేల ఎకరాలని మా ఆయన చెప్పగానే, "ఒక్క పట్టాదారుకే? వీళ్ళకి ల్యాండ్ సీలింగ్ లేదురా?" అన్నారు. అత్తయ్యగారికి ఎకరాలతో పనిలేదు, ఆవిడ లెక్కలన్నీ మోకాళ్ళతోనే. అక్కడి ఎప్‌కాట్ పార్కులో చెరువు చుట్టూ 11 దేశాల కట్టడాలు, ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. మెక్సికోలో మొదలుపెట్టి నార్వే, చైనా, జర్మనీ దాటేసరికి ఆవిడ ఆగిపోయి, "ఇన్ని దేశాలు కట్టారు గానీ కూర్చోడానికి ఒక్క అరుగు కట్టలేదేంటమ్మా" అన్నారు. కుర్చీ ఆకలంటే అదే.

ఈ ఆకలికి ముందుచూపు కూడా ఉండాలి. పేరున్న రెస్టారెంట్లలో బుకింగులు 60 రోజుల ముందే మొదలవుతాయి. క్రెడిట్ కార్డు నంబరిచ్చి టేబుల్ పట్టుకోవాలి. రెండు గంటల ముందైనా రద్దు చేసుకోకుండా డుమ్మా కొడితే చాలాచోట్ల తలకి 10 డాలర్లు కోసేస్తారు. అంటే రెండు నెలల తర్వాత ఫలానా మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఇంటిల్లిపాదికీ ఎంత ఆకలేస్తుందో జాతకం వేయించుకుని మరీ బుక్ చేయాలన్నమాట. తీరా ఆ మంగళవారం వచ్చేసరికి జరిగేది వేరు. పార్కులోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారు కనక అత్తయ్యగారి సంచీలో పులిహోర పన్నెండింటికే సగం ఖర్చయిపోతుంది. పిల్లలు మిక్కీ మొహం ఐస్‌క్రీములు నాకేసి ఉంటారు. వెళితే తినలేం, మానేస్తే ఆరుగురికి 60 డాలర్లు. "తినడానికి డబ్బులు పుచ్చుకోవడం విన్నాను గానీ, తిననందుకు పుచ్చుకోవడమేమిటి?" అని మామయ్యగారు అక్కడికక్కడే విచారణకు కూర్చున్నారు.

కనక వెళ్ళాం. ఆ రెస్టారెంటు పేరెందుకు లెండి, ఒక సూపు, ఆరు చెంచాలు అడిగాం.

సర్వరు ఆరు చెంచాలూ రాసుకుని, పెన్ను పైకెత్తి, ఇంకా ఏదో వస్తుందన్న ఆశతో మా వంక చూస్తూ నిలబడ్డాడు. మా వైపు నుంచి వచ్చినవల్లా ఐస్ లేకుండా నాలుగు గ్లాసుల నీళ్ళు, ఐసుతో ఒక గ్లాసు, అత్తయ్యగారికి వేడినీళ్ళు.

మామయ్యగారికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. హైదరాబాదులో చిన్న ఆర్డరు మన జన్మహక్కు. సూపు అడిగితే బేరరే "వన్ బై టూనా సార్?" అంటాడు, వంటగదిలోనే రెండు గిన్నెల్లోకి పంచి తెస్తాడు. ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు ముందు పెట్టుకుని రాష్ట్ర రాజకీయాలు మొత్తం చక్కబెట్టి లేవచ్చు. "అక్కడ లేని తప్పు ఇక్కడెలా వచ్చింది?" అన్నది ఆయన వాదన. పాయింటు మంచిదే, కానీ అధికార పరిధి మారింది.

అమెరికాలో సర్వరు జీతంలో పెద్ద ముక్క యజమాని జేబులోంచి కాక మన జేబులోంచి వెళ్తుంది. టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని ఫెడరల్ చట్టం గంటకి 2 డాలర్ల 13 సెంట్ల దగ్గర పెట్టింది. ఆ అంకె 1991 నుంచి కదల్లేదు. ఫ్లోరిడా కాస్త నయం. రాష్ట్ర కనీస వేతనంలోంచి గంటకి 3 డాలర్ల 2 సెంట్ల దాకా యజమాని తగ్గించుకోవచ్చు, ఆ లోటు టిప్పులతో పూడాలి. ఆ టిప్పేమో బిల్లు మీద శాతం. వందన్నర డాలర్ల భోజనానికి 20 శాతమంటే 30 డాలర్లు. 15 డాలర్ల సూపుకైతే 3. నడక మాత్రం రెండింటికీ ఒకటే. నిజానికి మా సూపుకే ఎక్కువ నడిచాడు, వేడినీళ్ళు చల్లారాయని రెండుసార్లు వెనక్కి పంపాం కాబట్టి.

ఇరానీ హోటల్లో మనం గంటసేపు కూర్చుంటే ఆ నష్టం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానిది. ఇక్కడ ఆ టేబుల్ సర్వరుకిచ్చిన కౌలు చెక్క. ఆ పూట అతనికి అప్పజెప్పిన నాలుగైదు టేబుళ్ళలో ఒకదాని మీద మనం సూపు చల్లార్చుకుంటూ కూర్చుంటే, ఆ గంట అతనికి పంట లేదు. ఈ ముక్క చెప్పాక మామయ్యగారు మెత్తబడ్డారు. కౌలుదారు కష్టం ఆయనకి తెలుసు.

అలాగని చిన్న ఆర్డరు ఇవ్వడమే తప్పనుకోకండి. దేనికి దానికి ధర కట్టి అమ్మే చోట స్టార్టరు ఒక్కటే తిన్నా, డెజర్టు ఒక్కటే తిన్నా అడిగేవాళ్ళు లేరు. తలకింత అని ముందే ధర కట్టేసిన చోట మాత్రం ఈ తెలివి పారదు. సిండ్రెల్లా కోటలో రాకుమార్తెల సరసన భోంచేసినా, కాలిఫోర్నియా గ్రిల్‌లో బాణసంచా చూస్తూ భోంచేసినా, సగమే తిన్నారని సగం పుచ్చుకోరు. బఫేల్లో 3 నుంచి 9 ఏళ్ళ వరకు పిల్లల రేటు, పది నిండితే పెద్దవాళ్ళ రేటు. మా పెద్దాడికి పదో పుట్టినరోజు జరిగి కొన్ని నెలలే అయిందనీ, అధికమాసం తీసేస్తే ఇంకా తొమ్మిదే అనీ అత్తయ్యగారు వాదించారు గానీ, ఫ్లోరిడాలో పంచాంగం చెల్లలేదు.

ఇక చిన్న ఆర్డరే గొప్ప గౌరవంగా సాగే చోట్లున్నాయి. వాటిలో నాకు మొదటిది సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో ఉంటుంది, పార్కు టిక్కెట్టు అక్కర్లేదు. ఆఫ్రికా వంటకి మన మసాలాలు కలిపిన చోటు. అక్కడి బ్రెడ్ సర్వీసు కోసమే జనం పనిగట్టుకుని వస్తారు. నాన్ రకాలు, వాటితో నంజుకోడానికి తొమ్మిది గిన్నెలు: రైతా, మామిడి చట్నీ, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి వగైరా. కిటికీ అవతల గడ్డి మైదానంలో జిరాఫీలూ జీబ్రాలూ. మెనూలో అది స్టార్టరే. తొమ్మిది పచ్చళ్ళున్న పళ్ళేన్ని స్టార్టరనడం ఏ తెలుగువాడికి చేతనవుతుంది? అత్తయ్యగారు తొమ్మిదింటినీ వరసగా పరీక్షించి, కొత్తిమీరకి పాసు మార్కులిచ్చి, "ఇన్ని పెట్టాడు, ఆవకాయ మరిచిపోయాడు పాపం" అని నిట్టూర్చారు. పక్క టేబుళ్ళ మీదా అవే తొమ్మిది గిన్నెలు కనిపిస్తుంటే ఇంక మొహమాటమెందుకు?

హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో సై-ఫై డైన్-ఇన్ ఉంది. 1950ల నాటి కార్ల ఆకారంలో చేసిన టేబుళ్ళలో కూర్చుని, చీకట్లో పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల ముక్కలు చూస్తూ తినాలి. మిల్క్‌షేక్ ఒక్కటి తాగి వద్దామనుకునే వాళ్ళకి అనువైన చోటు. అట్లాంటా నుంచి ఏడు గంటలు కారులో కూర్చుని వచ్చిన మామయ్యగారు గుమ్మంలోనే ఆగి, "మళ్ళీ కారేనట్రా?" అన్నారు. దానితో ఆ కుర్చీ కుర్చీ కింద జమ కాలేదు.

అదే పార్కులోని ఫిఫ్టీస్ ప్రైమ్ టైమ్ కెఫేలో అయితే చిన్న ఆర్డరిస్తే చీవాట్లు ఉచితం. అక్కడ సర్వర్లు పిన్నిగానో మేనమామగానో నటిస్తారు. టేబుల్ మీద మోచేతులు పెడితే మందలిస్తారు, కూరలు వదిలేస్తే తినమని వెంటపడతారు. పీనట్ బటర్, జెల్లీ కలిపిన మిల్క్‌షేక్ అక్కడ పేరుపడ్డది. మేం అవి మాత్రమే చెప్పేసరికి ఆ పిన్నిగారు నడుం మీద చెయ్యి వేసుకుని, అన్నం మానేసి పాలు తాగుతారా అన్న ధోరణిలో పిల్లల్ని నిలదీసింది. అటునుంచి అటే తిరిగి, మోచేతులు తియ్యమని అత్తయ్యగారిని గదిమింది. పెళ్ళయినప్పటి నుంచి నేను ఎదురుచూస్తున్న దృశ్యం ఇలా టిక్కెట్టు కొనుక్కుని చూడవలసి వస్తుందనుకోలేదు. అత్తయ్యగారు మాత్రం తెగ సంబరపడిపోయి, "ఈ ఊళ్ళో మర్యాద తెలిసిన మనిషి ఇదొక్కతే" అన్నారు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. ఆర్డరు చిన్నదైనంత మాత్రాన అందులో పడేవి చిన్నవి కావు. ఎప్‌కాట్‌లో కెనడా దగ్గరి లే సెల్యే రెస్టారెంటులో చెడ్డర్ చీజ్ సూపుకి గొప్ప పేరు. పేరులో చీజే ఉంటుంది, గిన్నెలో బేకన్ కూడా ఉంటుంది. డిస్నీ మెనూల్లో పూర్తి శాకాహారానికి ఆకు గుర్తు పెడతారు. ఆకు కనిపించకపోతే అడిగి తెలుసుకోవడం మేలు.

ఇన్ని టేబుళ్ళ దగ్గర కూర్చుని లేచాక నేను తేల్చుకున్న మర్యాదలు ఇవి. మధ్యాహ్న భోజనాల హడావిడి తగ్గి, రాత్రి భోజనాలు మొదలవ్వకముందు వెళ్ళాలి. అప్పుడు కుర్చీలు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. కూర్చోగానే "మాకు ఇది ఒక్కటే చాలు" అని చెప్పేయాలి. మెనూ నాలుగుసార్లు తిరగేసి, ప్రతి వంటకం వంశవృక్షం అడిగి, చివరికి సూపు చెప్పడం అన్యాయం. తినేశాక సెల్‌ఫోన్లు ఛార్జింగ్ అయ్యేదాకా కూర్చోకూడదు. టిప్పు బిల్లుకి ఇవ్వకూడదు, కుర్చీకి ఇవ్వాలి. ఆరుగురు కలిసి పూర్తి భోజనం చేసి ఉంటే ఎంత ఇచ్చేవాళ్ళమో, కనీసం అందులో సగమైనా పెట్టి లేవాలి. ఆరుగురు, ఆపైన ఉంటే 18 శాతం వాళ్ళే బిల్లులో కలిపేస్తారు. "కలిపేశారుగా, ఇంకెందుకు?" అని మా ఆయన గొణుగుతారు. సూపు మీద 18 శాతం ఎంతో లెక్క కట్టి చూపిస్తే నోరు మూతపడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సంచీ విప్పకూడదు. పార్కులోకి పులిహోర తీసుకెళ్ళనిస్తారంటే దానర్థం ఇంకొకరి టేబుల్ మీద విప్పమని కాదు. ఆరు చెంచాల సూపు అయిపోయాక, పిల్లలు ఇంకా ఆకలన్నారని అత్తయ్యగారు జిప్‌లాక్ కవరు తెరిచారు. ఇంగువ పోపు వాసన ఏసీ గాలిలో అయిదు టేబుళ్ళ దాకా పాకింది. సర్వరు పరుగున వచ్చాడు. ఏం అంటాడోనని నేను బిక్కచచ్చి కూర్చుంటే, అత్తయ్యగారు ఆ అబ్బాయి వాలకం చూసి, "పొద్దుణ్ణుంచీ తిరుగుతూనే ఉన్నాడు, తిన్నాడో లేదో" అంటూ పేపరు నాప్కిన్‌లో గుప్పెడు పెట్టి అతని ముందుకి తోశారు. డ్యూటీలో తినకూడదని అతను చెప్పుకున్నాడు. "ఒక్క ముద్దకి ఏమవదు నాయనా" అని ఆవిడ తెలుగులోనే బతిమాలారు. అతను నవ్వాడు, తినలేదు, కవరు మూసేయమని మాత్రం మర్యాదగా చేత్తో చూపించాడు. నేను టిప్పు ఇంకో ఇరవై పెంచాను.

ఆ ఇరవై సంగతి రసీదులో మామయ్యగారి కంటపడింది. హోటలు గదిలో రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఫలహారం దగ్గర తీర్పు వినిపించారు. "ట్రే పట్టుకుని మనమే తెచ్చుకునే చోట టిప్పు అక్కర్లేదన్నావు కదమ్మా?"

"అక్కర్లేదు మామయ్యగారూ. గ్లాసుతో ఐసు నీళ్ళు కూడా ఉచితంగానే ఇస్తారు. కాకపోతే కుర్చీ మనమే వెతుక్కోవాలి, దొరక్కపోతే నిలబడాలి."

"నిలబడదాం. మొత్తం ఎంత మిగులుతుందో చూడు."

అత్తయ్యగారు మోకాళ్ళకి జండూబామ్ రాసుకుంటూ తలెత్తకుండానే అన్నారు: "మీరు నిలబడండి. మిగిలిన డబ్బులతో నాకొక కుర్చీ బుక్ చేయండి, మీ తరఫున కూడా నేనే కూర్చుంటాను."