సంసారి గారి సాధన

ఆదివారం అనుబంధాలు తిరగేసే అలవాటున్న వాళ్లకి ఈయన బాగా తెలుసు. పగలు బ్యాంకులోనో, ఇరిగేషన్ ఆఫీసులోనో, హైటెక్ సిటీలోనో ఉద్యోగం. పొద్దుగూకితే కళాకారుడు. ఫొటోలో లాల్చీ తొడుక్కుని, ఫ్లూట్ పెదవులకి ఆనించుకుని, కళ్లు అరమోడ్చి ఉంటాడు. వెనకాల ఆవిడ పట్టుచీరలో నవ్వుతూ నిలబడి ఉంటుంది. ఆ నవ్వు స్టవ్ మీద పాలు పెట్టి వచ్చిన మనిషి నవ్వేనని, వంటింటి మొహం చూసిన వాళ్లెవరైనా ఇట్టే పోల్చుకోగలరు. ఫ్లూట్ స్థానంలో కెమెరా ఉండొచ్చు, గిటార్ ఉండొచ్చు, కుంచె ఉండొచ్చు, మిద్దెతోటలో కాసిన మూరెడు సొరకాయ ఉండొచ్చు. కింద అచ్చయ్యే మాటలు మాత్రం మారవు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదండీ, అంతా స్వయంకృషి. రోజుకో గంట కేటాయిస్తే ఎవరికైనా సాధ్యమే. అభిరుచి కోసం కుటుంబాన్ని ఏనాడూ అశ్రద్ధ చేయలేదు, రెండిటినీ సమతూకంగా నడుపుకొస్తున్నాను.

స్వయంకృషికి విలేకరి సాక్ష్యం అడుగుతాడు. ఏదీ, ఓ ముక్క వాయించండి సార్ అంటాడు. సమతూకానికి మాత్రం అడగడు. ఆ సాక్షి లోపల అతనికే కాఫీ కలుపుతోంది.

ఆ సమతూకం ఎలా ఉంటుందో సాయంత్రం ఆరున్నర వేళ ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా చూడొచ్చు. సారుగారు ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, హాల్లో చాప పరుస్తారు. ఫోన్ స్టాండుకెక్కుతుంది. తంబూరా యాప్ మోగుతుంది. ఫ్లూట్ చూడ్డానికి వెదురు ముక్కే గానీ, కొత్తవాడికి కొన్నాళ్ల పాటు అందులోంచి గాలి తప్ప నాదం రాదు. పట్టుబట్టి ఊదితే తల తిరుగుతుంది. తల తిరిగితే మంచినీళ్లు కావాలి. మంచినీళ్లు ఫ్రిజ్‌లోంచి వాటంతటవి నడిచి రావు.

మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలవుతాయి. అదే ముహూర్తానికి వంటింట్లో కుక్కరూ అందుకుంటుంది. ఆ ఇంట్లో కందిపప్పుకి నాలుగు కూతలు రావాలి. ఇప్పుడు వినపడ్డ మూడోది కుక్కరు వేసిందో, సారుగారు తారస్థాయి షడ్జం కోసం తంటాలు పడ్డారో ఆవిడకి అంతు చిక్కదు. ఈలోగా హాల్లోంచి కేక. "ఏమోయ్, ఆ కుక్కరు కాసేపు ఆపుదూ, శ్రుతి కలిసి చావడం లేదు!" ఏడో తరగతి పిల్లాడు లెక్కల పుస్తకం పట్టుకుని హాలు గుమ్మం దాకా వెళ్తాడు. "నాన్న సాధనలో ఉన్నారు, ఇటు రా" అని పిలుపొస్తుంది. ఆవిడ ఒక చేత్తో పోపు గిన్నె పట్టుకునే మూడు బై నాలుగు, అయిదు బై ఆరు హారాలకి క.సా.గు. ఎంతో పిల్లాడి చేత చెప్పిస్తుంది. పన్నెండు అని వాడు చెప్పేసరికి ఆవాలు మాడతాయి. మామగారికి భోజనానికి ముందు వేసే షుగర్ మాత్ర. గుమ్మంలో వాటర్ క్యాన్ అబ్బాయి, వాడికి చిల్లర. రేపటి ఇడ్లీకి పప్పు నానబొయ్యడం మరచిపోయిన సంగతి గుర్తుకు రావడం. ఏడున్నరకి సారుగారు చాప చుట్టి, "ఇవాళ జంట వరుసలు కాస్త దారికొచ్చాయోయ్" అంటూ భోజనం బల్ల దగ్గర కూర్చుంటారు.

గంటే! ఒప్పుకున్నాం. ఒక్క నిమిషం ఎక్కువ తీసుకోలేదు. కాకపోతే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ గంట ఆయన జేబులోంచి తీసింది కాదు.

ఇది నా అక్కసు అనుకునే వాళ్లకి సర్కారు వారి లెక్క ఉంది. మనవాళ్లు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో కేంద్ర గణాంక శాఖ 2024లో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 88. అదైనా ఇంటిపనిలో చెయ్యి పెట్టేవాళ్ల సగటు. అసలు పెట్టనివాళ్లు ఈ లెక్కలోకే రారు, వాళ్లు సాధనలో ఉంటారు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అంటే అయిదేళ్లలో ఆవిడకి పది నిమిషాలు కలిసొచ్చాయి, ఆయనకి తొమ్మిది. సమతూకమంటే ఇదే కాబోలు, ఇద్దరికీ దాదాపు సమానంగానే తగ్గించారు. తేడా 201 నిమిషాలు మాత్రం ఉన్నచోటే ఉంది. మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు! సరళీ, జంట, దాటు వరుసలన్నీ మూడు కాలాల్లో వాయించి, మీద ఒక పాత సినిమా పాట కూడా లాగించొచ్చు.

స్వయంకృషి బ్యాచికి ఇంకో మంత్రాక్షరం ఉంది. పదివేల గంటలు. ఏ విద్య అయినా పదివేల గంటలు సాధన చేస్తే వశమవుతుందట. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలోంచి, 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ తన పుస్తకం కోసం ఏరుకున్న అంకె అది. అందులో మహిమేమీ లేదని, అది సగటు మాత్రమేనని ఎరిక్‌సన్ తర్వాత మొత్తుకున్నాడు. పైగా ఆ పిల్లలు సంగీత కళాశాలలో, గురువు పక్కన నిలబడి తప్పు దిద్దుతూంటే నేర్చుకున్నవాళ్లు. గురువే లేకుండా నేర్చుకున్నానని చెప్పేవాడికి ఆ లెక్క ఎలా వర్తిస్తుందో నాకు తెలీదు గానీ, వర్తిస్తుందనే అనుకుందాం. రోజుకో గంట చొప్పున పదివేల గంటలంటే ఇరవై ఏడేళ్లు దాటుతుంది. నలభయ్యో ఏట చాప పరిచిన సారుగారు అరవై ఏడో ఏట విద్వాంసులవుతారు. అదే సూత్రం వంటింటికి పెట్టి చూడండి. రోజుకి 289 నిమిషాలు. ఆరేళ్లు తిరక్కముందే పదివేల గంటలు పూర్తి. ఆ లెక్కన పెళ్లయి ఇరవై ఏళ్లయిన ప్రతి ఇల్లాలూ మూడు సార్లకి పైగా ప్రపంచస్థాయి నిపుణురాలై ఉండాలి. ఏ అనుబంధం వాళ్లూ ఫొటోగ్రాఫర్ని పంపలేదు.

ఇక ఆ స్వయంకృషి సంగతి. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు పెద్దలు. మనవాళ్లు ఆ సామెతని గోడకి ఆనించి పెట్టి, ఏకలవ్యుణ్ణి పిలుచుకొచ్చారు. ఆయన మట్టిబొమ్మ ముందు నేర్చుకున్నాడు, నేను ఫోను ముందు నేర్చుకున్నాను అంటారు. ఆ ఫోనులో ఎవరో కుర్చీ వేసుక్కూర్చుని, ఫలానా వేలు ఇలా ఎత్తండి, ఊపిరి ఇక్కడ తీసుకోండి అని నెలల తరబడి ఉచితంగా పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆయన గురువు లెక్కలోకి రాడు, ఫీజు అడగలేదు కనక. ఏకలవ్యుడు బొటనవేలు కోసిచ్చాడు. ఈయన బొటనవేలితో ఓ లైకు కొట్టి రుణం తీర్చుకున్నాడు.

ఇంకాస్త చదువుకున్నవాళ్లయితే శ్రీనివాస రామానుజన్‌నే దించుతారు. నిజమే, కార్ అనే ఆయన రాసిన సూత్రాల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని ఆ మహానుభావుడు సొంతంగా గణితాన్ని తోడుకున్నాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకి 30 రూపాయల గుమాస్తాగా చేరి, ఆ ఉద్యోగంలో ఉండగానే మరుసటి ఏడు ఇంగ్లండులోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు. ఉద్యోగం, అభిరుచి, అచ్చం మన సారుగారిలాగే. అయితే ఆయన జీవితకథలో ఇంకో ముక్క ఉంది. పలక మీద లెక్క నడుస్తున్నప్పుడు ధ్యాస చెదరకుండా ఉండేందుకు అమ్మో, అమ్మమ్మో అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేవారట. ఆ ముద్ద కలిపిన చేతికి ఏ సమీకరణంలోనూ చోటు దొరకలేదు. 1914లో ఆయన ఓడెక్కితే భార్య జానకమ్మ అయిదేళ్లు ఇక్కడే ఉండిపోయింది. లోకానికి అంత గణితం ఇచ్చినవాడి ఖాతాలో ఇవన్నీ సరిపెట్టుకోవచ్చు. పైగా సంసారాన్ని బ్రహ్మాండంగా బ్యాలెన్స్ చేశానని ఆయన ఏ పత్రికకీ చెప్పుకున్నట్టు దాఖలా లేదు. జంట వరుసలు ఇంకా పూర్తిగా పట్టుబడని మనిషి చెప్పుకుంటున్నాడు.

నన్నడిగితే స్వయంకృషి అనే మాట ఈ ఇళ్లల్లో వాడాల్సిన చోటు వేరే ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుమ్మం ముందు చూడండి. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క. మొత్తం 169 చుక్కలు. కొలబద్ద లేదు, చెరుపుకునే రబ్బరు లేదు, వంగిన నడుమూ రెండు వేళ్ల మధ్య జారే పిండీ తప్ప. వరసల మధ్య దూరం మారదు, మెలిక తిరిగిన గీత ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి కలుస్తుంది. పక్కింటి పిన్నిగారు వేస్తూంటే చూసి నేర్చుకున్న విద్య. ఈ చుక్కల ముగ్గుల కట్టుబాటుకి వ్యాకరణం రాయొచ్చని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయన తోటివారు 1970లలోనే కంప్యూటర్ శాస్త్ర పత్రికల్లో వ్యాసాలు రాశారు. అంత ఉన్న ముగ్గు మీంచి, తొమ్మిదింటికల్లా సారుగారి స్కూటర్ ఆఫీసుకి వెళ్తుంది. వెనక సీటుకి కట్టిన సంచీలో ఫ్లూట్ మాత్రం మూడు పొరల గుడ్డలో భద్రంగా ఉంటుంది, ఒత్తుకుంటే చీలుతుందని.

జాకెట్టు కటింగ్ చూసి నేర్చుకుంటే పొదుపు. మగ్గం వర్క్ చేస్తే కాలక్షేపం. ఆవకాయలో ఆవపిండి పాళ్లు చేతి అంచనాతో వేస్తే అది ఇంటిపని. ఆయన నెలకోసారి యూట్యూబ్ చూసి బిర్యానీ వండితే అది పాకకళ. ఆ కళ వాడిన పదకొండు గిన్నెలూ సింకులో కళాఖండాల్లా సోమవారం దాకా ఉంటాయి. మిద్దెతోట సంగతి చెప్పక్కర్లేదు. వంకాయలు ఆయనవి, ఆయన క్యాంపుకెళ్లినప్పుడు నీళ్లు పొయ్యడం ఆవిడది.

ఆవిడకే ఏదైనా సరదా పుడితే? పెళ్లికి ముందు వీణ వాయించేదాన్ని, మళ్లీ మొదలుపెడతానంటే? అప్పుడు సమతూకం అనే మాటకి అర్థమే మారిపోతుంది. ఆయన విషయంలో అది బిరుదు, ఈవిడ విషయంలో షరతు. తప్పకుండా నేర్చుకో, ఎవరు కాదన్నారు, ఇంట్లో పనులు అయ్యాక. ఇంట్లో పనులు అయిపోయిన ఇల్లు తెలుగుదేశంలో ఎక్కడుందో చెబితే వెళ్లి దణ్ణం పెట్టుకొస్తాను. సలహాలిచ్చేవాళ్లయితే తెల్లవారుజామున నాలుగింటికి లేవమంటారు, బ్రాహ్మీ ముహూర్తంలో బుర్ర చురుగ్గా ఉంటుందని. అయిదింటికి లేచి రెండు క్యారేజీలు కడుతున్న మనిషికి! ఇంకొకరు, భానుమతి గారు చేయలేదా అంటారు. చేశారు. నటించారు, పాడారు, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, 'అత్తగారి కథలు' రాశారు. ఆవిడ కుటుంబానికి మద్రాసులో భరణీ స్టూడియో ఉండేది. మన ఇల్లాలికి తాళం ఉన్న టేబుల్ సొరుగు కూడా లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోతుంది. పాత స్నేహితురాలు కనపడి గుర్తుచేస్తే గానీ ఆ పేరు తిరిగి రాదు. వీణ సంగతి ఎవరు గుర్తుచేస్తారు? అది అటక మీద, ఆయన పాత కెమెరా స్టాండు కింద ఉంది.

సారుగారి ఫ్లూట్ విరిచేయమని నా ఉద్దేశం కాదు. ఏ సరదా లేని మగాడు టీవీ చర్చల ముందు కూర్చుని ఇంటిల్లిపాదికీ దేశభవిష్యత్తు బోధిస్తాడు. దానికంటే అపస్వరమే మేలు. వాయించండి, మహరాజులా వాయించండి. ఆ గంట ఆవిడ ఇచ్చిందని మాత్రం ఒప్పుకోండి, ఇచ్చినదానికి ఇంకో గంట తిరిగివ్వండి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కుక్కరూ క.సా.గు.లూ మీవి, అటక మీంచి దింపిన వీణ ఆవిడది. అప్పుడు మీరు వంటింట్లోంచి, "శ్రుతి కలవడం లేదోయ్" అని కేకేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

విలేకరులకి కూడా ఒక మనవి. ఈసారి ఇలాంటి సమతూకం సారుని కలవడానికి చెప్పకుండా వెళ్లండి. ఫ్లూట్ వాయించమని అడక్కండి. పిల్లాడిది ఏ సెక్షను, నాన్నగారి షుగర్ మాత్ర భోజనానికి ముందా తర్వాతా, కందిపప్పు ఏ డబ్బాలో ఉంటుంది అని అడగండి. వంటింటి వైపు చూడకుండా మూడింటికీ జవాబు చెబితే ఫొటో మొదటి పేజీలోనే వెయ్యండి. కాఫీ కూడా ఆయన్నే కలపమనండి.