కెమెరా గారి లద్దాఖ్ యాత్ర

మోటారు సైకిలు యాత్రకు ఒక మనిషి, ఒక బండి, ఒక దారి ఉంటే చాలునని ఇంతకాలం పెద్దలు భావించారు; కానీ హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల నుంచి ఏటా జూన్ మొదలు సెప్టెంబరు దాకా లద్దాఖ్ వైపు సాగే దండయాత్రలను కాస్త నిదానంగా పరిశీలించినవారికి, ఆ లెక్కలో అసలు యాత్రికుణ్ణే వదిలేశారని తెలిసిపోతుంది. యాత్ర చేసేది కెమెరా. మనిషి దానికి డ్రైవరుగా, కూలీగా, కాపలాదారుగా, అవసరమైనప్పుడు ముఖం చూపించే నటుడిగా వెంట వెళతాడు. ఈ నాలుగు ఉద్యోగాలకూ జీతం లేదు సరికదా, ఖర్చు కూడా ఆయనదే.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, వందమంది దాకా పరివారంతో, డేరాలతో కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలోని ఊళ్ళను గురించి, అక్కడ దొరికే వస్తువులను గురించి, మనుషుల నడతను గురించి ఆయన రాసుకున్న సంగతులు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఆ యాత్రలో చూసే పని ఆయనది, మోసే పని బోయీలది. నేటి యాత్రలో చూసే పని కెమెరాకు దఖలు పడింది గనుక, మిగిలిన పని ఎవరి వాటాకు వచ్చిందో వివరించనక్కరలేదు.

హైదరాబాదు నుంచి లేహ్ వరకు అంతా బండి మీదే వెళ్ళేవారు లేకపోలేదు. అయితే నాగపూరు, ఝాన్సీల మీదుగా సాగే మైదానపు దారి ఎండగానూ, తిన్నగానూ ఉండి వీడియోలో రెండు నిమిషాలు కూడా నిలవదు కాబట్టి, చాలామంది తమ బండిని సికింద్రాబాదు స్టేషనులోని పార్శిలు కార్యాలయానికి అప్పగిస్తారు. అక్కడ రైల్వే నియమం ప్రకారం ట్యాంకులోని పెట్రోలు చుక్క మిగలకుండా తీసేసి, ఒళ్ళంతా గోనెపట్టా చుట్టి, చీటీ కట్టి, ఢిల్లీకో చండీగఢ్‌కో పంపిస్తారు. ఆ విధంగా సాహస యాత్రలోని మొదటి పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని బండి సరుకుల పెట్టెలో, ఉల్లిపాయల బస్తాల సరసన, ముసుగు తన్ని గడిపేస్తుంది. కెమెరా మాత్రం ఏసీ పెట్టెలో యజమాని ఒడిలో ప్రయాణిస్తుంది.

సామాను సర్దడంలో కూడా ఈ అంతస్తుల తేడా కనిపిస్తుంది. కెమెరా, దానికి రెండు మూడు లెన్సులు, ట్రైపాడ్, నడుస్తూ తీసినా బొమ్మ కదలకుండా మోటార్ల సాయంతో కుదుపును సరిచేసే గింబల్ అనే పిడి, వానకూ దుమ్ముకూ ఓర్చుకునే అగ్గిపెట్టంత యాక్షన్ కెమెరాలు, డ్రోను, బ్యాటరీలు, ఛార్జర్లు, హార్డ్‌డిస్కు, తీసినదంతా ఏ రాత్రికి ఆ రాత్రి దించుకోవడానికి ల్యాప్‌టాప్ సర్దిన తరువాత మిగిలిన ఖాళీలో మనిషికి రెండు జతల బట్టలు పడతాయి, నొక్కితే తువ్వాలు కూడా పడుతుంది. వెనక సీటు మీద హక్కు బంధుమిత్రుల నుంచి బ్యాగుకు బదిలీ అయింది. పెట్రోలు ట్యాంకు మీద అయస్కాంతాలతో అతుక్కుని కూర్చునే ట్యాంక్ బ్యాగులో ప్రధాన కెమెరా ఉంటుంది. గుంత వచ్చినప్పుడు యాత్రికుడు ముందుగా పట్టుకునేది బ్రేకును కాదు, దాన్ని.

ఈ విషయంలో శాస్త్ర ప్రమాణం కూడా లేకపోలేదు. 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఒక హెచ్చరిక ప్రకటించింది: ఐఫోను కెమెరాలో చేతి వణుకుకు అనుగుణంగా లెన్సును కదిలించి బొమ్మను నిలబెట్టే ఏర్పాటు ఉంటుందని, శక్తిమంతమైన మోటారు సైకిలు ఇంజన్ల అదురు హ్యాండిలు గుండా నేరుగా తగిలితే అది దెబ్బతినవచ్చని, కాబట్టి ఫోనును అలాంటి బండ్ల హ్యాండిలుకు బిగించవద్దని దాని సారాంశం. నాటి నుంచి ఫోనుకూ హ్యాండిలుకూ మధ్య అదురును మింగే రబ్బరు అమరిక లేనిదే ఏ యాత్రా మొదలు కావడం లేదు. అదే హ్యాండిలును పట్టుకుని, అదే అదురును రోజుకు పది గంటలు భరించే మణికట్టుకూ వెన్నెముకకూ అటువంటి హెచ్చరికను ఏ తయారీదారూ జారీ చేయలేదు గనుక వాటికి రబ్బరు అక్కరలేదని యాత్రికుడు నిర్ధారించుకున్నాడు.

ఇక శిరస్సు. ఐఎస్ 4151 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారయ్యే హెల్మెట్ తలను కాపాడడానికి ఉద్దేశించినది. యాత్రికుడి దృష్టిలో అది కెమెరాను గడ్డం ముందు బిగించుకోవడానికి అనువైన ఒక గట్టి వస్తువు. దీన్ని చిన్ మౌంట్ అంటారు. ఇలా కెమెరా బిగిస్తే హెల్మెట్ ఇచ్చే రక్షణ తగ్గుతుందంటూ 2022లో కేరళ మోటారు వాహనాల శాఖ నిషేధం విధించినప్పుడు, తల విలువ ఎంతో, దృశ్యం విలువ ఎంతో తేల్చుకోలేక యాత్రిక లోకం కొంత కలవరపడింది. తల తిప్పితే కెమెరా కూడా తిరిగి బొమ్మ పాడవుతుంది కనుక, పక్కన సింధు నది పారుతున్నా, కొండ మీద అడవి మేకల మంద నిలబడి ఉన్నా, నిష్ఠ గల యాత్రికుడు మెడ బిగించుకుని తారురోడ్డునే చూస్తాడు. చూడవలసినవి ఇంటికి వెళ్ళాక తెర మీద ఎలాగూ ఉంటాయి. అప్పుడు కూడా అవి అంచున, సగం కోసినట్టు ఉంటాయన్నది వేరే సంగతి.

అయితే ఈ విద్యకు పరాకాష్ఠ ఒంటరి యాత్ర. మనిషి లేని లోయ, మెలికలు తిరిగిన దారి, దూరంగా చుక్కలా కదిలిపోతూ ఒకే ఒక్క బండి, వెనక విషాదమైన వేణుగానం: ఈ దృశ్యాన్ని చూసి కన్నీరు పెట్టుకునే ప్రేక్షకుడు, ఆ చుక్కను చిత్రీకరించిందెవరని సాధారణంగా అడగడు. జరిగేది ఇది. యాత్రికుడు బండి ఆపి, దిగి, చేతి తొడుగులు తీసి, రోడ్డు పక్కన ట్రైపాడ్ నిలబెట్టి, గాలికి పడకుండా దానికి రాళ్ళ సంచీ వేలాడదీసి, కెమెరా మీట నొక్కి, మళ్ళీ తొడుగులు వేసుకుని, బండెక్కి, ఒంటరితనం ఉట్టిపడేలా అరకిలోమీటరు దూరం పోయి, ఆ వెంటనే కెమెరాను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయంతో పోయినదానికంటే వేగంగా వెనక్కి వస్తాడు. అనంతంలోకి సాగిపోయే ప్రతి దృశ్యానికీ ప్రేక్షకుడికి చూపించని ఒక తిరుగు ప్రయాణం, ఆ తరువాత కెమెరాతో సహా మరో ప్రయాణం ఉంటాయి కాబట్టి, అటువంటి ప్రతి చోటా ఆయన ఒకే దారిని మూడుసార్లు కొలుస్తాడు. మనాలీ–లేహ్ దారిలో గాటా లూప్స్ అనే చోట ఒకే కొండ మీద 21 మలుపులున్నాయి. ఆ మలుపుల్లో, దాహంతో చనిపోయాడని చెప్పుకునే ఒక లారీ క్లీనరు గుర్తుగా చిన్న గూడు కట్టి ఉంటుంది. పోయేవారు అక్కడ నీళ్ళ సీసా పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. సైన్యానికి ఇంధనం మోసే ట్యాంకర్ల డ్రైవర్లకు ఆ దణ్ణం ఒకసారితో సరిపోతుంది, ఒంటరి యాత్రికుడు మాత్రం టేకు కుదిరేవరకు ఆ గూడు ముందు నుంచి పోతూ వస్తూనే ఉంటాడు. ఈలోగా మలుపు దగ్గర ఆగిపోయిన ట్యాంకర్ల హారన్లను తరువాత వేణువుతో కప్పేస్తారు.

చలికి లిథియం బ్యాటరీల సత్తువ తగ్గిపోతుంది కాబట్టి, సర్చూ, పాంగ్ డేరాల్లో రాత్రిపూట స్లీపింగ్ బ్యాగులో నడుమ చోటు వాటిది. మనిషి అంచున సర్దుకుంటాడు. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ చేరాక, పలుచని గాలికి శరీరం అలవాటు పడేదాకా ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకోవాలని వైద్యులు చెబుతారు. యాత్రికుడు ఈ సలహాను మన్నిస్తాడు. బ్యాటరీలన్నీ ఛార్జు కావడానికి కూడా అంతే సమయం పడుతుంది.

ఖర్దుంగ్ లా కనుమ వద్ద కెమెరాకు బోర్డు దర్శనం చేయించడం ఆచారం. ఆ కనుమ ఎత్తు 18,380 అడుగులని, ప్రపంచంలో వాహనాలు పోగల దారుల్లో అదే ఎత్తయినదని బోర్డు ఏళ్ళ తరబడి ప్రకటించింది. జీపీఎస్‌తో కొలిచినప్పుడు అది దాదాపు 17,582 అడుగులని తేలింది, 2021లో సరిహద్దు రోడ్ల సంస్థ 19,024 అడుగుల ఉమ్లింగ్ లా మీదుగా తారురోడ్డు వేశాక రెండవ వాదన కూడా పోయింది. అయినా యాత్రికుడు ఎక్కింది బోర్డు ఎత్తుకే.

పాంగాంగ్ సరస్సుది మరొక లీల. ‘త్రీ ఇడియట్స్’ చిత్రంలోని చివరి సన్నివేశం 2009లో ప్రసిద్ధికెక్కినప్పటి నుంచి, అక్కడి ఒడ్డున పసుపుపచ్చ స్కూటర్లు నిలిపి ఫొటోకింతని వసూలు చేస్తున్నారు. లక్షలు పోసి కొన్న బండి మీద కనుమలు దాటి వచ్చిన వీరుడు, తీరా ఒడ్డుకు చేరాక కదలని స్కూటరెక్కి డబ్బు చెల్లించి నవ్వుతాడు. తరువాత డ్రోను బయటకు వస్తుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు మించని డ్రోనుకు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు; తయారీదారులు 249 గ్రాముల దగ్గర ఆపిన డ్రోన్లు ఆ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది కాబట్టి, ఆవకాయ జాడీలు డల్లాస్ వెళ్ళిన సూట్‌కేసులోనే అవి తిరుగు టపాలో వస్తున్నాయి. ధ్రువపత్రం అక్కరలేనంత మాత్రాన నిషిద్ధ గగనతలంలో ఎగరవచ్చునని కాదు. ఆ సరస్సు పొడవు సుమారు 134 కిలోమీటర్లు, అందులో దాదాపు మూడింట రెండు వంతులు చైనా అధీనంలో ఉన్నాయి; బొమ్మ బాగుంటుందని ఇంకాస్త ముందుకు పంపాలనుకునేవారు ఈ కొలతలను గుర్తుంచుకోవడం దేశానికీ డ్రోనుకూ మంచిది.

లద్దాఖ్ దాకా పోలేనివారికి లంబసింగి పొగమంచు, పాడేరు దగ్గరి వంజంగి మేఘాలు ఉండనే ఉన్నాయి. అక్కడి గిరిజన బాలుడి చేతిలో చాక్లెట్టు పెట్టి, లోతైన చూపు చూడమని అడిగి, పేరు మాత్రం అడగకుండా తిరిగి రావడం ఇప్పుడు మర్యాదగా చెలామణీ అవుతోంది.

ఈ యాత్రలన్నింటిలోనూ తప్పకుండా ఫొటో తీసుకునేవి, సరిహద్దు రోడ్ల సంస్థ మలుపు మలుపునా పెట్టిన చమత్కారపు హెచ్చరిక బోర్డులు. ఆ బోర్డు కింద తారు డ్రమ్ము పక్కన మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్న మనుషులను కత్తిరించే పని ఎడిటింగులో జరుగుతుంది. లద్దాఖ్ రోడ్లు వేసే కూలీల్లో చాలామంది ఝార్ఖండ్‌లోని సంతాల్ పరగణాల నుంచి వేసవికి వచ్చి, మంచు పడేవేళకు తిరిగిపోయేవారు. 2020 జూన్‌లో, కరోనా కాలంలో సైతం, దుమ్కా నుంచి ప్రత్యేక రైలు వేసి మరీ వారిని ఈ పనికి తరలించారు. వీడియో చివర కృతజ్ఞతలు చెప్పేటప్పుడు టైరు తయారీదారు పేరు వస్తుంది, చిన్ మౌంట్ అమ్మిన దుకాణం పేరు వస్తుంది, వీళ్ళ ఊసు రాదు.