డాక్టరుగారు అలాంటివారు కారు

మా బావమరిది రెండు పూటలుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఏమైందిరా అంటే, ‘డాక్టర్ హూ’ అనే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్లో డాక్టరు తుపాకీ పేల్చాడట. 2015 నాటి ఎపిసోడ్. వీడు ఇప్పుడు చూశాడు. కాల్పులకు కూలిన జనరల్ మరుక్షణమే ఆడమనిషిగా మారి లేచి కూర్చున్నా వీడి దుఃఖం తీరలేదు.

“బావా, ఆయన అలా చేసే మనిషి కాదు. రాసేవాళ్లకి క్యారెక్టర్ అర్థం కాలేదు.”

మనిషి కాదన్నది నిజమే. గాలిఫ్రే గ్రహం వాడు, గుండెలు రెండు. ప్రాణం మీదికొస్తే ఒళ్లు మార్చేస్తాడు. 1966లో తొలి డాక్టరు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైతే, బీబీసీ వాళ్లు ఈ ఉపాయంతోనే ప్యాట్రిక్ ట్రౌటన్‌ని దింపారు. మన సీరియళ్లలో నటుడు మారితే తెర కింద ఒక లైను వేసి చేతులు దులుపుకుంటారు. వాళ్లు దాన్ని జీవశాస్త్రం చేశారు. ముఖం మారొచ్చు, మాట మారొచ్చు, 2017 క్రిస్మస్ నాటికి ఆడమనిషి కూడా కావచ్చు. గుణం మాత్రం ఇసుమంత కదలకూడదు!

అసలు గుణమంటే ఏది? అభిమాని చిన్నప్పుడు మొదట చూసిన డాక్టరుది. అది శిలాశాసనం. తర్వాత వచ్చినవన్నీ కబ్జాలు.

1976లో ‘ది డెడ్లీ అసాసిన్’ అనే కథ వచ్చింది. దేవుళ్లలా ఊహించుకున్న టైమ్ లార్డులను, అంటే డాక్టరు జాతివాళ్లను, ముసలి గుమాస్తాల్లా చూపించారని అభిమాన సంఘం అధ్యక్షుడే ఉతికి ఆరేశాడు. ఒళ్లు మార్చడం పన్నెండుసార్లే అన్న లెక్క కూడా ఆ కథే పెట్టింది. ఇప్పుడు అది ఆణిముత్యం. ఆ పన్నెండు అంకె వేదవాక్కు. అది తప్పారని తర్వాతి వాళ్లని తిట్టడానికి అంతకన్నా మంచి ఆధారం ఇంకోటి లేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన ఘట్టం 1986లో జరిగింది. బీబీసీలోనే ‘ఓపెన్ ఎయిర్’ అని ప్రేక్షకుల ముచ్చట్ల కార్యక్రమం. లివర్‌పూల్ అభిమానుల తరఫున ఓ కుర్రాడు వచ్చాడు. మూతి మీద మీసం సరిగ్గా మొలవలేదు. ఆ ఏటి కథ రాసిన పిప్, జేన్ బేకర్ దంపతుల ఎదుటే, రాత నాసిగా ఉందని, అరిగిపోయిన సరుకని కడిగేశాడు. పెద్దవాళ్లు, పాపం, ఏదో సర్దిచెప్పుకున్నారు. ఆ కుర్రాడి పేరు క్రిస్ చిబ్నల్. 2018లో ఆ సీరియల్ పగ్గాలు ఆయన చేతికే వచ్చాయి. అత్తా ఒకింటి కోడలే కదా, ఈ కోడలు అత్తయ్యింది. 2020లో డాక్టరు అసలు గాలిఫ్రే బిడ్డే కాదని, హార్ట్‌నెల్‌కు ముందే బోలెడు జన్మలున్నాయని తేల్చేసింది. అంతే, ముప్పై నాలుగేళ్ల వడ్డీతో సహా ముట్టింది. ఆ తిట్లలో ‘రాత నాసి’ అన్నదే కాస్త మర్యాదైన మాట.

ఇదంతా మా వాడికి చెప్పాను. కదల్లేదు. “ఎవరెన్ని రాసినా మొదటి నుంచీ డాక్టరు అహింసావాది బావా” అన్నాడు.

మొదటి నుంచీ అన్నాడు గనక మొదటికే వెళ్లాం. 1963 డిసెంబరు నాటి నలుపు తెలుపు ఎపిసోడ్. రాతియుగం, అడవి. గాయపడిన గుహవాసి ఒకడు నేల మీద పడి ఉన్నాడు. వాణ్ని మోసుకెళ్తే ఆలస్యమవుతుందని డాక్టరుకు విసుగు. చుట్టూ చూసి, మెల్లగా వంగి, మొనదేలిన రాయి చేతిలోకి తీసుకున్నాడు. డాక్టరు వెంట ఉన్న ఇయాన్ మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకుని ఏంటిది అని అడిగితే, ముసలాయన తడుముకోకుండా, దారి ఎటో వీడిచేత పటం గీయిద్దామని అన్నాడు.

వీడియో ఆపి మా వాడి వంక చూశాను.

“అంతే కదా బావా,” అన్నాడు, “కాగితం లేనప్పుడు పటం గీయాలంటే రాయి కావాలిగా!”