గృహాంతర హెలికాప్టర్ శాస్త్రం: కనకమామిడి పాఠం

ఏ శాస్త్రానికైనా ముందుగా నాలుగు సంగతులు తేల్చాలి. విషయం ఏమిటి, అధికారి ఎవరు, సంబంధం ఏమిటి, ప్రయోజనం ఏమిటి. మన విషయం అరచేతిలో ఇమిడే, ఇంట్లోనే ఎగిరే, రిమోట్‌తో నడిచే హెలికాప్టర్. అధికారి, అంటే ఈ విద్యకు అర్హుడు, కొడుకు పుట్టినరోజు పేరు చెప్పి దాన్ని తన కోసం కొనుక్కున్న తండ్రి. సంబంధం అనేది ఆ హెలికాప్టర్‌కూ నడింట్లో తిరిగే ఫంకాకూ మధ్య ఉన్నది. ఇక ప్రయోజనం. ఎంత వెతికినా కనబడలేదు గనుక దీన్ని శుద్ధ శాస్త్రాల్లో చేర్చడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఈ పాఠం పుట్టింది మొయినాబాద్ మండలం కనకమామిడిలో. ఇంత ఆకాశం ఉన్న ఊళ్ళో ఇంటిలోపలి విద్య ఎలా పుట్టిందని ఆక్షేపణ. నిజమే, హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టి చేవెళ్ళ వైపు వచ్చేవాళ్ళకు ముందు కనబడేవి మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో తొమ్మిది వందలకు పైగా ఉన్నాయని లెక్క. ఆ వెనక పూలతోటలు, పాలీహౌసులు, ఫామ్‌హౌసుల ప్రహరీలు. జంట జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో పుణ్యాన ఈ చుట్టుపక్కల మేడలు మబ్బులకు తగలకుండా చాలాకాలం ఆగాయి. అయినా నడింట్లోనే ఎందుకు? మన హెలికాప్టర్ బరువు 40 గ్రాముల చుట్టుపక్కల. గండిపేట జలాశయం మీంచి ఒక్క గాలి విసిరిందంటే అది మర్రిచెట్టు ఎక్కుతుంది. చెట్టెక్కిన దాన్ని దించడానికి విక్రమార్కుడంతటివాడికే పాతిక కథలు పట్టాయి.

పూర్వాచార్యుల సంగతి. విమానాల మీద శాస్త్రం అనగానే అందరూ వైమానిక శాస్త్రం ఎత్తుతారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో పండిత సుబ్బరాయశాస్త్రి చెబుతూ ఉంటే రాసుకున్న గ్రంథం అది. శకున, సుందర, రుక్మ, త్రిపుర అని అందులో నాలుగు విమానాలు. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు అయిదుగురు కూర్చుని లెక్కలు కట్టి, వీటిలో ఏదీ ఎగిరేది కాదని తేల్చారు. మన శాస్త్రానికి ఆ బెంగ లేదు. మన వస్తువు ఎగురుతుంది. పేచీ అంతా దిగే దగ్గరే.

బొమ్మ హెలికాప్టర్ అసలుదానికి పిల్ల అని లోకంలో ఒక భ్రమ ఉంది. వంశవృక్షం చూస్తే వరస తిరగబడుతుంది. 1784లో ఫ్రాన్సులో లౌన్వా, బియాంవెన్యూ అనే ఇద్దరు పక్షి ఈకలతో రెండు రెక్కల చక్రాలు చేసి, ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగేలా అమర్చి, సైన్స్ అకాడమీ పెద్దల ముందు ఎగరేశారు. 1870లో ఆల్ఫోన్స్ పెనో అనే ఆయన మెలిపెట్టిన రబ్బరుతో లేచే బొమ్మ చేశాడు. ఆ రకం బొమ్మనే 1878లో మిల్టన్ రైట్ అనే చర్చి పెద్దాయన తన చిన్నకొడుకులిద్దరికీ తెచ్చి ఇచ్చాడు. ఆ కొడుకులు పెద్దయ్యాక ఏం చేశారో ప్రపంచానికి తెలుసు. సికోర్‌స్కీ తన వీఎస్-300 హెలికాప్టర్‌ను తాళ్ళు కట్టి నేల నుంచి లేపింది 1939 సెప్టెంబరులో. అంటే బొమ్మ తాత, అసలుది మనవడు. కొన్నరోజు ఇంట్లో రేటు అడిగినప్పుడు ఈ పేరా చదివి వినిపించవచ్చు. వినిపించినందువల్ల రేటు తగ్గదు, కానీ సంభాషణ ఫ్రాన్సుకు మళ్ళుతుంది.

డ్రోన్లుండగా హెలికాప్టర్ ఎందుకని మరో పూర్వపక్షం. ఇదే రోడ్డు మీద మన్నెగూడ దాకా వచ్చి అక్కణ్ణుంచి వికారాబాద్ వెళితే, 2021 సెప్టెంబరులో అక్కడ డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలుపెట్టారు. మెచ్చుకోవాల్సిందే. కానీ మంచి డ్రోన్ తన తూకం తానే చూసుకుంటుంది. వదిలేసినా గాలిలో నిలబడుతుంది. వదిలేస్తే నిలబడే దానికి శాస్త్రం దేనికి? వదిలేస్తే షోకేసులోకి దూసుకెళ్ళే వస్తువుకే శాస్త్రం కావాలి. చట్టం సంగతి అడుగుతారేమో: 2021 డ్రోన్ రూల్స్ 250 గ్రాముల లోపు వాటిని నానో తరగతిలో వేసి, నడిపేవాడికి పైలట్ లైసెన్సు అక్కర్లేదన్నాయి. ఇంటావిడ అనుమతి గురించి ఆ రూల్స్ మౌనం వహించాయి.

ఇక ఎంపిక. జాతులు మూడు.

మొదటిది జంటరెక్కలది, కోయాక్సియల్ అంటారు. రెక్క ఒకవైపు తిరిగితే కింద ఒళ్ళు ఎదురువైపు తిరగబోతుంది. న్యూటన్ మూడో సూత్రం ఎవరినీ వదలదు. పెద్ద హెలికాప్టర్ల తోకకు నిలువుగా చిన్న రెక్క ఉండేది ఆ తిప్పుడు ఆపడానికే. జంటరెక్కల్లో పైది ఒకవైపు, కిందిది ఎదురువైపు తిరిగి ఒకదాని తిప్పును ఒకటి కొట్టేస్తుంది. మన నౌకాదళం వాడే కామోవ్ హెలికాప్టర్లదీ ఇదే పద్ధతి. రెక్కల పైన, రెండు కొసల్లో బరువు పెట్టిన సన్నని కడ్డీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. పేరు ఫ్లైబార్. ఒళ్ళు ఎటు ఒరిగినా అది మాత్రం తన తలంలోనే తిరగాలని పట్టుబట్టి రెక్కను దారికి తెస్తుంది. ఆర్థర్ యంగ్ ఇలాంటి కడ్డీ పెట్టే బెల్ 47ను నిలబెట్టాడు. పౌరుల వాడకానికి అమెరికాలో అనుమతి దొరికిన మొదటి హెలికాప్టర్ అది, 1946 మార్చిలో. అంత చరిత్ర ఉన్న కడ్డీని మనవాళ్ళు డబ్బా విప్పగానే ప్యాకింగ్ పుల్ల అనుకుని పీకబోతారు.

సైమా ఎస్107 అనే బొమ్మ ఈ జాతికి ఉదాహరణ. మూడు ఛానళ్ళు: పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ, ఎడమకూ కుడికీ తిరగడం. తోక చివర చిన్న రెక్క పడుకుని ఉంటుంది. అది తోకను ఎత్తితే ముక్కు వంగి ముందుకు పోతుంది, తోకను దించితే వెనక్కి. ముప్పావుగంట ఛార్జింగ్ పెడితే ఏడెనిమిది నిమిషాలు ఎగురుతుంది.

రెండోది ఒంటిరెక్కది, నాలుగు ఛానళ్ళు, పక్కలకు కూడా జరుగుతుంది. మొదటిదాని మీద చెయ్యి కుదిరినవాడికి ఇది పై తరగతి. మూడోది రెక్కల వాలునే మార్చుకుంటూ తలకిందులుగా కూడా ఎగిరేది. దాన్ని హాల్లో ఎగరేయదలచినవాడు ముందు టీవీకి ఇన్సూరెన్సు ఉందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతి చర్చ ఈ గ్రంథ పరిధిలోకి రాదు.

డబ్బా మీది బొమ్మ చూసి కొనేవాళ్ళు హైదరాబాద్ బేగంబజారులో ఎప్పుడూ ఉంటారు. ఈ శాస్త్రం వాళ్ళతో విభేదిస్తుంది. ఏది కొనాలో చెప్పాల్సింది మీ ఇల్లు. చౌకరకం హెలికాప్టర్లకు ఆజ్ఞలు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో అందుతాయి, టీవీ రిమోట్‌లో ఉండే సరుకే. పడమటి కిటికీ నుంచి ఎండ హాల్లోకి పడే ఇంట్లో అది సాయంత్రం నాలుగింటికి చెవుడు తెచ్చుకుంటుంది. ఎండలో కూడా అదే వెలుతురు పుష్కలంగా ఉంటుంది మరి, మన రిమోట్ గొంతు వినపడదు. అలాంటి ఇంటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రకమే కొనాలి. గాలి చొరబడని విశాలమైన చోటు కదా అని పాలీహౌసులో ఇన్‌ఫ్రారెడ్ హెలికాప్టర్ ఎగరేయాలన్న ఆలోచన చేవెళ్ళ ప్రాంతంలో ఎవరికైనా రాక తప్పదు. నలువైపులా ఎండ, కింద పూలమొక్కలు, గేటు దగ్గర రైతు. మూడింట్లో ఏదీ అనుకూలం కాదు.

నేల ముఖ్యం. ఇక్కడి పాత ఇళ్ళలో తాండూరు బండలు, షాబాద్ బండలు పరిచి ఉంటాయి. అవి ఉత్తమం. హెలికాప్టర్ లేచేటప్పుడు కాస్త పక్కకు జారుతుంది, నున్నటి బండ దాన్ని జారనిస్తుంది. చాప మీదో కార్పెట్ మీదో పెడితే స్కిడ్ పీచుకు తగులుకుని అక్కడికక్కడే బోర్లా పడుతుంది. కొత్త ఇళ్ళ టైల్స్ కూడా పనికొస్తాయి.

ముహూర్తం విషయంలో లోకాచారానికీ శాస్త్రానికీ పొసగదు. ఎండాకాలం సెలవుల్లో బొమ్మలు కొనడం ఆచారం. అది నిషిద్ధ కాలం. ఫంకా గాలి పై నుంచి దిగి గోడల పక్కన పైకి లేస్తుంది, హెలికాప్టర్ నడిమిట్ల కిందికి, గోడ దగ్గర మీదికి కొట్టుకుపోతుంది. కూలర్ ముందు అయితే అది నేరుగా వంటింట్లోకి వెళ్ళి తేలుతుంది. ఫంకా బంద్ చేద్దామంటే మే నెలలో ఏ ఇంట్లోనూ ఏకాభిప్రాయం కుదరదు. కనుక దసరా వెళ్ళి చలి ముదిరిన దగ్గర నుంచి, ఆ చలి శివశివా అనుకుంటూ శివరాత్రికి వెళ్ళిపోయేదాకా సుముహూర్తం. కరెంటు పోయిన వేళ ప్రశస్తమని కొందరంటారు. ఫంకా ఆగుతుంది నిజమే, ఛార్జింగ్ కూడా ఆగుతుంది.

ఇప్పుడు అభ్యాసం. ఇక్కడ శాస్త్రం కొంచెం నిదానిస్తుంది, ఎందుకంటే అందరూ పడేది ఇక్కడే. శిష్యుడు జాగ్రత్తపరుడు. ఎడమ బొటనవేలితో మీటను కొద్దిగా నెడతాడు. రెక్కలు బుర్రుమంటాయి, పరదా అంచు లేస్తుంది, సోఫా కింది దుమ్ము బయటికొస్తుంది, హెలికాప్టర్ జానెడు లేస్తుంది. చాలు, ఇంతకన్నా వద్దు, పడితే ఇంత ఎత్తు నుంచే కదా అనుకుంటాడు. అదే కొంప ముంచుతుంది. జానెడు ఎత్తులో అది తన గాలిలో తానే ఈదుతూ ఉంటుంది. రెక్కలు కిందికి తోసిన గాలి బండకు కొట్టుకుని చెల్లాచెదరుగా తిరిగొచ్చి దాన్ని అటూ ఇటూ కుదుపుతుంది. ఒరుగుతుంది, సోఫా వైపు జారుతుంది. శిష్యుడు హడలి మీటను పూర్తిగా దించుతాడు, లేదా పూర్తిగా ఎత్తుతాడు. ఈ రహస్యం ఏ డబ్బాలోని కాగితమూ సరిగా చెప్పదు. అరుగు మీంచి చూస్తున్న నాయనమ్మ చెప్పింది:

“కొడకా, జర మీదికి లేపు. గట్ల నేల మీద దేకితే ఎట్ల?”

ఏరోడైనమిక్స్‌లో గ్రౌండ్ ఎఫెక్ట్ మీద ఇంతకన్నా క్లుప్తమైన సూత్రం లేదు. మోకాలి ఎత్తు దాటించి, ఛాతీ ఎత్తున నిలపాలి. అక్కడ గాలి శుభ్రంగా ఉంటుంది, పొరపాటు దిద్దుకోవడానికి రెండు మూడు క్షణాల వ్యవధీ దొరుకుతుంది. అంతకుమించి మాత్రం పోనివ్వకూడదు. కప్పుకు దగ్గరైతే పై నుంచి రెక్కలకు అందాల్సిన గాలి అందదు, పైన పీడనం పడిపోతుంది, కప్పే దాన్ని లాక్కుంటుంది. అది స్లాబుకు అతుక్కుని గరగరమంటుంది. మీట దించితే ఒక్కసారిగా ఊడిపడుతుంది. దించకపోతే బ్యాటరీ అయిపోయాక ఊడిపడుతుంది.

మీటను నెట్టడం విద్య కాదు, వెంట్రుకవాసి తగ్గించడం విద్య. దిగేటప్పుడు మరీను. బొటనవేలికి ఆ ఓపిక రావడానికి జాతకాన్ని బట్టి వారం నుంచి ఏడాది దాకా పడుతుంది.

తర్వాత ప్రదక్షిణాధ్యాయం. చిలుకూరు బాలాజీ ఇదే మండలంలో కొలువై ఉన్నాడు గనుక ఈ భాగం కనకమామిడి పాఠంలో తప్ప మరెక్కడా కనబడదు. అక్కడ కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. కొత్త హెలికాప్టర్ డబ్బా నుంచి తీయగానే, ఎవరూ అడగకుండానే, ఉన్నచోటే గిర్రున ఆత్మప్రదక్షిణ మొదలుపెడుతుంది. రెండు రెక్కల వేగం సమానంగా లేదని దాని అర్థం. రిమోట్ మీద ట్రిమ్ మీట ఉంటుంది, ఎటు తిరుగుతుంటే దానికి ఎదురువైపు కొద్దికొద్దిగా నొక్కుతూ దాని భక్తిని అదుపు చేయాలి. ఆ పైన డైనింగ్ టేబుల్ చుట్టూ అసలు ప్రదక్షిణ. తోక మనవైపు ఉన్నంతసేపు అన్నీ సవ్యమే. సగం చుట్టు తిరిగి ముక్కు మనవైపు వచ్చేసరికి దాని ఎడమ మన కుడి అవుతుంది. చెయ్యి ఒకటి అనుకుంటుంది, అది ఇంకోటి చేస్తుంది, కుర్చీలో ఎవరున్నా లేస్తారు. విరుగుడు ఏమిటంటే, మనసులో మనమే దాని లోపల కూర్చున్నట్టు భావించడం. కుదరనివాళ్ళు దాని వెంటే టేబుల్ చుట్టూ నడుస్తారు. ఇది శాస్త్ర సమ్మతమే గానీ, చూసేవాళ్ళకు ఎవరు ఎవరికి ప్రదక్షిణ చేస్తున్నారో తెలియదు. పడకుండా 11 పూర్తిచేసినవాడు ఉత్తీర్ణుడు. 108 మొక్కుకోవద్దు, బ్యాటరీ ఒప్పుకోదు.

ప్రాయశ్చిత్తాలు. దేనికైనా తగలబోతుందని తెలియగానే, తగలక ముందే మీట పూర్తిగా దించాలి. తగులుకుని ఆగిపోయిన రెక్కకు కరెంటు పోతూనే ఉంటే మోటారు మాడుతుంది. రెక్క విరిగితే కొత్తది బిగించేటప్పుడు పైదీ కిందిదీ ఒకటే అనుకోరాదు. ఎదురెదురు తిరిగేవి గనుక వాటి వాలు కూడా ఎదురెదురు. తారుమారు చేస్తే ఎంత బుర్రుమన్నా లేవదు, ఫంకా పని మాత్రం చేస్తుంది. లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బితే దాన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టడం మహాపాతకం. బాగున్నదాన్ని కూడా పరుపు మీద పెట్టి ఛార్జింగ్ చేయరాదు. బండ మీద, కళ్ళెదుట. ఎగిరి వచ్చిన వెంటనే వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ పెట్టకుండా కాసేపు ఆగాలి. ఆ విరామంలో రిమోట్ పిల్లవాడికి ఇవ్వవచ్చు.

అల్మారా మీద పడ్డదానికి చీపురుకట్ట, సాంబారులో పడ్డదానికి సాంబారు మార్పు. అన్నింటిలోకి కఠినమైనది జడలో చిక్కుకున్నదానికి. పై రెక్క వెంట్రుకలను ఒకవైపు చుడుతుంది, కింది రెక్క ఎదురువైపు. ఒకే దిక్కుగా విప్పబోతే సగం వదులై సగం బిగుస్తుంది. బ్యాటరీ స్విచ్ ఆపి, రెండు రెక్కలనూ వేరువేరుగా, వచ్చినదారినే వెనక్కి తిప్పాలని ఒక మతం. ముందు కొబ్బరినూనె రాయాలని దానికి చేర్పు. కత్తెర పెట్టాలని ఇంకో మతం. కత్తెర వెంట్రుకలకా, హెలికాప్టర్‌కా అన్న చర్చ ఎక్కువసేపు సాగిన దాఖలా లేదు. జడ ఎవరిదో, కత్తెర వాళ్ళ చేతిలోనే ఉంటుంది.